మా వదినగారు కొట్టిన అట్టలు

రాయవరంలో మా పుట్టింటివాళ్ళు నేసేది పంచెలూ తువ్వాళ్ళూ. అంచుకి ఒక ఎర్రగీత పడితే అదే పెద్ద సింగారం. అమలాపురం దగ్గర నేతగాళ్ళ వీధిలోకి కోడలిగా వచ్చేదాకా జకార్డు మగ్గం అన్నది నేను చూడలేదు. యుద్ధం ముగిసింది గానీ నూలు ఇంకా కంట్రోలులోనే ఉన్న రోజులవి. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే మగ్గాల సావిట్లోకి తొంగి చూశాను. మా ఆయన మగ్గం నెత్తిన ఒక చెక్కపెట్టె, ఆ పెట్టెకి దండలా వేలాడుతూ అట్టలు. ప్రతి అట్ట నిండా చిల్లులే.

"అయ్యో, వీటిని పురుగు కొట్టేసినట్టుందే" అని గొణుక్కున్నాను.

వెనకాల ఎవరో నవ్వారు. "ఆ పురుగుని నేనేనమ్మా" అంది మా వదినగారు.

మా ఆయనకి ఆవిడ అక్కగారు. మనిషి పొడుగరి. నుదుట కానీకాసంత బొట్టు, మెడలో నల్లపూసలు. ఆవిడ భర్త పెళ్ళయిన కొత్తలోనే పని వెతుక్కుంటూ బర్మాలో రంగం వెళ్ళాడు. బాంబులు పడ్డప్పుడు అక్కణ్ణుంచి జనం నడిచి కొందరూ, ఓడలెక్కి కొందరూ తిరిగొచ్చారు. ఆయన రాలేదు. పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే "మావారు రంగం నుంచి ఇంకా రాలేదండి" అని, పని ఆపకుండానే జవాబు చెప్పేది. అత్తవారింట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి పుట్టింటికే వచ్చేసింది. వీధిలో మగ్గాలన్నిటికీ అట్టలు కొట్టిపెట్టేది.

ఆ అట్టల సంగతి ఆవిడే నాకు చెప్పింది. కాలితో తొక్కినప్పుడల్లా పెట్టె కదిలి ఒక అట్ట ముందుకి తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట పడుకునుంటుంది. అడ్డపోగు లాక్కెళ్ళే నాడె ఒకసారి అటు పరిగెత్తితే ఒక అట్ట చెల్లిపోయినట్టు. అలా అట్ట వెనక అట్ట తిరుగుతూ పోతే అంచు మీద పువ్వు తేలుతుంది. "మగ్గానికి కళ్ళు లేవు కదమ్మాయీ, ఏ పోగు ఎత్తాలో మనమే చెప్పాలి. ఇదే దాని భాష" అనేది.

ముందు గళ్ళ కాగితం మీద ఎర్రసిరాతో పువ్వు నింపేది. ఆ కాగితాన్ని ఎదర పెట్టుకుని, అట్ట మీద ఇనుపములుకు ఆనించి, సుత్తితో ఒక్కొక్క చిల్లే కొట్టేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పక్కన కూచుని, కొట్టిన అట్టలకి తాడు వేసి వరసగా కుట్టేదాన్ని. కొత్తకోడలికి అత్తవారింట్లో నవ్వుకునే చోటు ఒకటి దొరకడం ఎంత అదృష్టమో నాకు అప్పుడు తెలియలేదు. మా అత్తగారు కేకేసినా "అట్టలు కుడుతోందమ్మా, ఇప్పుడు లేస్తే వరస తప్పుతుంది" అని నన్ను వెనకేసుకొచ్చేది ఆవిడ.

ఆవిడ అట్టల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి పెన్సిల్ రాతలు. వీధిబడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. మా ఆయనకి కొట్టిన అట్టల మీద "తమ్ముడూ, ఆకు ఇక్కడ మొదలు" అని ఉండేది. పక్కింటి ముసలాయనకి "బాబాయిగారూ, ఇక్కడ తొందరపడకండి" అని. పువ్వు పైసగమూ కిందిసగమూ అద్దంలో చూసుకున్నట్టు ఒక్కలా ఉంటే, ఆవిడ సగం పువ్వుకే అట్టలు కొట్టి ఊరుకునేది. చివరి అట్ట మీద "ఇక్కణ్ణుంచి వెనక్కి" అని రాసేది. పెట్టె పక్కనున్న కొక్కెం మారిస్తే అట్టలు వచ్చినదారినే వెనక్కి తిరిగి, రెండో సగం పూసేది. మగ్గం మీద ఎక్కడైనా పోగు తప్పితే ఆ రాతలు చూసి ఎవరైనా తప్పున్న అట్టని ఇట్టే పట్టుకునేవారు. పట్టుకోలేకపోతే "అక్కా, ఒకసారి రావా" అని గుమ్మంలోంచి పిలుపు వచ్చేది. ఆవిడ వెళ్తే నేనూ వెళ్ళేదాన్ని. మంచినీళ్ళు, మజ్జిగ, కబుర్లు.

అలాగని ఆ అట్టలు గొప్పవి అని చెప్పను. చేత్తో కొట్టిన చిల్లు అంచులు గరుకుగా ఉండేవి. వానాకాలం అట్ట ఉబ్బి, చిల్లు ఇరుకై, లేవాల్సిన పోగు లేచేది కాదు. తప్పు చిల్లు పడితే కాగితం ముక్క మీద చింతగింజల జిగురు రాసి మూసేది. ముసురుకి ఆ ముక్క ఊడిపోయి, బోసిగా ఉండాల్సినచోట పోగు తేలేది. ఆవిడకి ఒంట్లో బాగాలేని రోజున కొట్టిన అట్టలేవో నేను చూడగానే చెప్పేసేదాన్ని. చిల్లులు ఒక పక్కకి ఒరిగి ఉండేవి. పైగా ఒక్క మనిషి, ఒక్క సుత్తి. వీధివాళ్ళు తమ వంతు కోసం నెలల తరబడి కాచుకునేవారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజుల్లో మా నేతసంఘం పెద్దలు ఒక మాట అనుకున్నారు. రాజమండ్రిలో ఎవరో అట్టలు కొట్టే మిషను పెట్టారట. కాగితం ఇస్తే ఒక్కరోజులో కొట్టిస్తారట. ఒక దండ ఉంటే దాన్ని చూసి మిషనే ఎన్ని దండలు కావాలంటే అన్ని తీస్తుందట. వదినగారి దగ్గరున్న మొగ్గల అంచు కాగితం అడిగి పట్టుకెళ్ళారు. రెండో వారంలో లాంచీలో కట్టలు దిగాయి.

కట్ట విప్పి మొదటి అట్ట చేతిలోకి తీసుకుని ఆవిడ చాలాసేపు చూసింది. చిల్లు అంచు చుట్టూ చిటికెనవేలు తిప్పింది.

"ఎంత నున్నగా కోసిందో చూడమ్మాయీ. నేను జన్మంతా కొట్టినా ఇలా రాదు."

"మీకు కష్టంగా లేదా వదినగారూ?"

"దేనికి? నా భుజం నొప్పి తగ్గుతుంది కదా" అంది. ఆ మాట నిజంగానే అంది.

మగ్గాలు నిజంగానే హాయిగా ఆడాయి. పోగు ఇరుక్కోవడం లేదు. అయితే మిషనుకి సగం పువ్వు సంగతి తెలియదు. పువ్వంతా మొదటినుంచి చివరిదాకా కొట్టేసింది. దండ రెండింతలై నేల మీద దేకింది. కింద పీట వేసి, దాని మీద మడతలు పడేటట్టు సర్దాం. బరువుకి తాళ్ళు తొందరగా అరిగిపోయేవి. కానీ వెనక్కి తిప్పడం మరిచిపోయి పువ్వు పాడుచేసుకునే బెడద తప్పింది. అట్టల మీద మిషను అచ్చొత్తిన అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

తరవాత మామిడిపిందెల అంచు పంపించారు. అదీ ఆవిడ గీసిన పాత కాగితమే. ఆ అట్టలు మగ్గం ఎక్కాక పిందె చక్కగా వచ్చింది గానీ, పిందె కింద కాడ ఒక్కచోట కుంటింది. మా ఆయన మగ్గమే పాడైందనుకుని తాళ్ళన్నీ విప్పి మళ్ళీ కట్టారు. ఎవరికీ చెప్పలేదు. సంఘం అరుగు మీద చీరలు పరిచినరోజు చూస్తే అందరి చీరల్లోనూ కాడ అక్కడే కుంటింది.

"నా మగ్గమే చెడిందని రెండ్రోజులు పని మానేసేనండి" అన్నాడు పక్కింటి ముసలాయన.

"నేనూ అంతేనండి, ఆయ్" అన్నాడు ఇంకొకాయన. అరుగంతా నవ్వులే.

నవ్వులయ్యాక బాగుచెయ్యడం దగ్గరకి వచ్చేసరికి, కాగితం రాజమండ్రిలోనే ఉండిపోయింది కాబట్టి వదినగారితో సహా ఎవరికీ పాలుపోలేదు. ఏ అట్టలో తప్పుందో తెలియాలంటే మొదటి అట్టనుంచి చిల్లు చిల్లూ చూసుకుంటూ రావాలి. దొరికినా ఏ చిల్లు మూయాలో, ఏది కొత్తగా కొట్టాలో రాసిపెట్టినవాళ్ళు లేరు. ఒక్కొక్కరూ తమకి తోచినట్టు ముక్కలు అతికించుకున్నారు. మర్నాటికి వీధిలో ఇంటికొక రకం వంకర తేలింది. ఇక లాభం లేదని, మిషనువాళ్ళని అడిగి రమ్మని మా ఆయన్ని పంపించారు. వదినగారు తనూ వస్తానంది. నన్నూ రమ్మంది. మా అత్తగారు ఏ కళనున్నారో ఒప్పుకున్నారు.

కాలవలో లాంచీ ప్రయాణం నాకు పండగ. దారిపొడుగునా ఆవిడ నాకు కొబ్బరితోటల్లో ఎవరి ఇల్లు ఏదో చూపిస్తూ కూచుంది. గోదారి దాటి, జట్కా ఎక్కి ఆ మిషను దుకాణం ఉన్న సందులోకి వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

దుకాణం ఆయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. మజ్జిగ ఇప్పించి, మాట మొత్తం విని, లోపలికెళ్ళి గళ్ళ కాగితం తెచ్చి మా ముందు పరిచాడు.

"కాగితంలో ఎలా ఉందో అలాగే కొట్టేమండి. మిషను తనంతట తను ఏదీ కలపదు, తియ్యదు. మీరే చూసుకోండి."

వదినగారు ఒంగి చూసింది. కాడ దగ్గర ఒక వరసలో ఎర్రగడి ఒకటి పక్కకి జరిగి ఉంది. ఆ గడి మీద వేలు ఆనించింది.

"ఇది నా గీతేనండి" అంది. "ఈ కాగితం చూసి ఎన్ని దండలు కొట్టేనో. ఒక్కదాన్లోనూ కాడ కుంటలేదు. అంటే ప్రతిసారీ నా చెయ్యే సరిచేసేసుకుందన్నమాట. నాకే తెలీలేదు."

ఆ తరవాత ఆవిడ నవ్వింది. తప్పు బయటపడినందుకు చిన్నబోలేదు, తన గురించి తనకి తెలియని సంగతేదో తెలిసినట్టు నవ్వింది. "ఒకసారి మిషను చూడొచ్చాండి?" అని అడిగింది.

హార్మోనియం మెట్ల లాంటి మెట్లున్న ఇనుపసామాను అది. కాగితంలో ఒక వరస చూసి, ఆ ప్రకారం మెట్లు నొక్కి, కాలితో తొక్కితే ఆ వరసలోని చిల్లులన్నీ ఒక్కదెబ్బకి పడిపోతాయి. పక్కనే ఇంకొక మిషను, కొట్టిన అట్టల్ని చూసి అచ్చంగా అలాంటివే తీస్తోంది. వదినగారు కూచుని ఒక అట్ట కొట్టింది. రెండోది కొట్టింది. ఆపమని ఎవరూ అనలేదు. నేను పక్కనే నించుని ఆవిడ ముఖం చూశాను. వంటింట్లోగానీ, మగ్గాల సావిట్లోగానీ ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు.

మేం లేవబోతుంటే దుకాణం ఆయన మా ఆయనతో అన్నాడు. "మా దగ్గర మిషను తొక్కేవాళ్ళున్నారు గానీ కాగితం చదివేవాళ్ళు లేరండి. వచ్చింది వచ్చినట్టు కొట్టేస్తున్నాం. ప్రతీ ఊరినుంచీ ఇలాంటి తగువులే. మీ అక్కగారికి సమ్మతమైతే ఇక్కడ ఉండొచ్చు. మా అమ్మగారున్నారు, విడిగా గదుంది. ఆడమనిషికి ఏ లోటూ రానివ్వం."

"ఆలోచించుకుని చెప్తామండి, ఆయ్" అన్నారు మా ఆయన, ఆలోచించేదేమీ లేదన్నట్టు.

ఇంటికొచ్చాక మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆడకూతురు ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా ఉండడమేంటని ఒక గొడవ. చివరికి ఆవిడ అసలు మాట అనేశారు.

"రేపు రంగం నుంచి మనిషొస్తే ఏం చెప్పనే?"

"ఉన్నచోటు చెప్పమ్మా" అంది వదినగారు. "అంత దూరం నుంచి వచ్చేవాడు రాజమండ్రి రాలేడా?"

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు నూతి దగ్గర వదినగారు నన్ను అడిగింది, "నువ్వేమంటావమ్మాయీ?" అని. వెళ్ళొద్దు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మిషను దగ్గర చూసిన ఆ ముఖం గుర్తొచ్చి, "మీ ఇష్టం వదినగారూ" అన్నాను.

వేసవికి కాలవలు కట్టేసేలోగా ఆవిడ వెళ్ళిపోయింది. రేవు దగ్గర లాంచీ కదిలాక కూడా పక్కన కూచున్న ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. మలుపు దగ్గర మాత్రం తిరిగి చెయ్యెత్తింది.

ఆ మధ్యాహ్నం అట్టలు లేవు. కూచునే చోటు మాత్రం ఉంది. మా అత్తగారు పిలవకుండానే లేచి వెళ్ళాను.

తరవాత కాలవకి నీళ్ళు వదిలాక లాంచీలో కట్టలు రావడం మొదలైంది. విడి అట్టలు కుట్టే పని వీధిలో నాకే వచ్చు కాబట్టి కట్టలన్నీ మా ఇంటికే వచ్చేవి. కట్ట విప్పగానే నా చేతులు వెతుకులాట మొదలుపెట్టేవి. ఎక్కడైనా పెన్సిల్ గీత ఉందా, ఒక పక్కకి ఒరిగిన చిల్లు ఉందా, ఆవిడ బొటనవేలి నూనెమరక ఉందా. ఏమీ ఉండేది కాదు. అన్ని చిల్లులూ ఒక్కలాగే గుండ్రంగా, ఒక్కలాగే నున్నగా ఉండేవి. ఆవిడకి ఒంట్లో బాగుందో లేదో ఆ అట్టలు చెప్పవు. ఆవిడ కొట్టిందో, ఇంకెవరు కొట్టారో, అసలు మనిషి కొట్టిందో, రెండో మిషను తీసిందో కూడా చెప్పవు.

మా ఆయన మాత్రం సంతోషంగా ఉండేవారు. ఆ ఏడాది వచ్చిన దండల్లో ఒక్క పోగు తప్పలేదు. "అక్క చెయ్యి పడిందే వీటి మీద" అనేవారు.

"ఎక్కడ? చూపించండి" అన్నాను ఒకసారి.

ఆయన అట్ట తిరగేసి, మరగేసి చూశారు. "తప్పు లేదు కదా, అదే" అన్నారు.

అది నిజమే. వంకరలన్నీ కాగితంలోనే దిద్దేసి మిషనుకి ఇస్తోంది ఆవిడ. ఆవిడ పనితనం అట్టలో లేకుండా పోయిన తప్పుల్లో ఉంది. కానీ లేనిదాన్ని చేత్తో తడుముకోవడం ఎలాగ? నాకు కావలసింది ఆవిడ చెయ్యి. మంచి అట్టలు కాదు.

మా పెద్దవాడి బారసాలకి ఆవిడ వచ్చి రెండు రోజులుంది. కళ్ళజోడు పెట్టుకుంది. కొంచెం ఒళ్ళు చేసింది. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, అప్పుడే వచ్చిన కట్టకేసి చూస్తుంటే అడిగాను.

"ఇందులో మీరు కొట్టినవి ఏవి వదినగారూ?"

నాలుగైదు అట్టలు తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసింది. "నాకూ తెలీదమ్మా" అంది.

"పెన్సిల్‌తో ఒక్క ముక్క రాయొచ్చు కదా. పోనీ మాకు పంపే వాటి మీద."

"ఎవరి కట్ట ఎవరికి పోతుందో నాకే తెలీదు. ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతాయి. అక్కణ్ణుంచి తమ్ముడూ, బాబాయిగారూ అని రాస్తే ఎవరనుకుంటారు?" అని నవ్వింది. పిల్లవాణ్ణి భుజం మీదకి మార్చుకుని, "మొదట్లో రాయాలని చెయ్యి లాగేదమ్మాయీ. ఇప్పుడు లాగట్లేదు" అంది.

ఆవిడ కబుర్ల నిండా కొత్త మనుషులే. దుకాణం ఆయన తల్లి, పక్కగదిలో ఉండే నర్సమ్మ, మిషను తొక్కడం నేర్చుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు. నేను వింటూ కూచున్నాను. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు గానీ, ఒక్కొక్కరి సంగతి వస్తున్నకొద్దీ ఆవిడ నా పక్కనుంచి కొంచెం కొంచెం జరిగిపోతున్నట్టు అనిపించింది.

మరుసటి ఏడు మా ఆయనకి సంఘం పని పడి రాజమండ్రి వెళ్తుంటే, పిల్లవాణ్ణి ఎత్తుకుని నేనూ వెళ్ళాను. ఆవిడ గది చూశాను. చిన్నదే. కిటికీ పక్కన మంచం, గోడకి అద్దం, లోపలినుంచి గడియ వేసుకోవడానికి తలుపు. మా ఇంట్లో ఆవిడకి ఎప్పుడూ తలుపున్న చోటు లేదు. మగ్గాల సావిట్లో ఒక మూల చాప వేసుకుని పడుకునేది. నాకు కాఫీ కలిపి ఇచ్చింది. ఇంట్లో ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఆవిడ కాఫీ కలపడం నేను అదే మొదటిసారి చూడడం.

అయినా అడిగాను. వెళ్ళిందే అందుకు.

"ఇంటికి వచ్చెయ్యకూడదా వదినగారూ? పిల్లాడికి మీరు కావాలి. నాకు కావాలి."

ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, జుట్టు సవరించింది. "నాకు ఇక్కడ బాగుందమ్మా" అంది. ఇంకో మాట చేర్చలేదు. చేర్చి ఉంటే నేను వాదించేదాన్నేమో. అంతలో లోపల్నుంచి మిషను మోత మొదలైంది. కొత్త పిల్ల కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి "అమ్మగారూ, ఈ వరస ఒకసారి చూడరా" అంది. వదినగారు కళ్ళజోడు తుడుచుకుంటూ లేచింది.

తిరుగుదారిలో కాలవ మట్టం మారే లాకుల దగ్గర లాంచీ చాలాసేపు ఆగింది. తలుపులు మూసి నీళ్ళు దించుతుంటే, గోడల మధ్య లాంచీ నెమ్మదిగా కిందికి దిగుతోంది. పిల్లవాడు నిద్రపోయాడు.

"ఏమంది అక్క?" అన్నారు మా ఆయన.

"అక్కడే బాగుందన్నారు."

"మరి మంచిదే కదా" అన్నారు ఆయన.

మంచిదేనని నాకూ తెలుసు. కొంగు పిల్లవాడి ముఖం మీద కప్పి, తలుపులు ఎప్పుడు తెరుస్తారా అని అటు చూస్తూ కూచున్నాను.